బ్యాటరీ బండి - ఇంటివారి భయం

"బ్యాటరీ స్కూటరు కొందామంటే మా అత్తగారు ఒప్పుకోవడం లేదండీ" అంటారు మీలో కొందరు. ఆవిడ భయం ఉత్తది కాదు. 2022 ఏప్రిల్‌లో విజయవాడలో ఒక ఇంట్లో ఛార్జింగుకు పెట్టిన బ్యాటరీ పేలి మనిషి ప్రాణమే పోయింది. ఆ ఏడు డిసెంబరు నుంచి, రెండు విడతలుగా, బ్యాటరీ పరీక్షలు గట్టి చేశారు. ఒక సెల్లు వేడెక్కితే ఆ మంట బయటికి పాకుతుందా అన్నదీ చూస్తారిప్పుడు.

మనలో పేరు చూసి కొనేవాళ్ళే ఎక్కువ. 1972 నాటి చేతక్ పేరునే బజాజ్‌వారు 2020లో ఈ కొత్తబండికి పెట్టారంటే, నాన్నగారి కాలపు నమ్మకం ఇంకా చెల్లుతుందనే గదా! పేరొకటే గాని, లోపల ఇంజనూ లేదు, పెట్రోలూ లేదు. అంచేత బ్యాటరీకి గ్యారంటీ ఎన్నేళ్ళో, మన ఊళ్ళో బాగుచేసేవాళ్ళున్నారో లేదో అడగండి. నా బండి మూడు వారాలు షెడ్డులో పడి ఉన్నప్పుడు గాని ఈ రెండో ప్రశ్న నాకు తట్టలేదు. బ్యాటరీని మాత్రం పడగ్గదిలో ఛార్జింగుకు పెట్టకండి. అత్తగారు ఆ మాటకు కాస్త మెత్తబడవచ్చు.