చర్చిని చుట్టుకున్న అడవి

దక్షిణ గోండర్ పొలాల్లో రాళ్లకు కొదవ లేదు. ఎడ్లు కట్టి దున్నుతుంటే అడుగడుగునా నాగలికి తగులుతుంటాయి. ఇథియోపియా ఉత్తర భాగాన, టానా సరస్సుకు తూర్పున ఉన్న ఈ ఎత్తయిన నేలల్లో కొన్ని ఊళ్ల రైతులు ఆ రాళ్లనే ఏరి మోసుకొచ్చి, తమ చర్చి చుట్టూ ఉన్న అడవికి గోడ పేర్చారు. పొలంలో రాయి తగ్గింది, అడవిలోకి పశువు రావడం ఆగింది.

ఆ అడవి విలువ తెలియాలంటే గోడ బయట నిలబడి చూడాలి. ఒకప్పటి అడవిని వంటచెరకు కోసం, ఇళ్ల కోసం నరికారు. పొలాలు చేశారు. మిగతాది మేతకు పోయింది. పాత అడవి అంటూ బతికున్నది చాలావరకు ఇథియోపియా సొంత క్రైస్తవ శాఖ అయిన ఆర్థడాక్స్ తెవాహెదో చర్చిల చుట్టూనే. ఒక్కో అడవి సగటున పది పన్నెండు ఎకరాలు. చాలాచోట్ల నడుమ గుండ్రటి చర్చి, దాని చుట్టూ ఆకాశం కనపడనంత దట్టంగా జూనిపర్లు, అడవి ఒలీవలు. పొలం గట్టు దాటి లోపల అడుగుపెట్టగానే ఎండ వేడి తగ్గిపోతుంది, పక్షుల అరుపులు మొదలవుతాయి.

ఇథియోపియాలో క్రైస్తవం నాలుగో శతాబ్దంలో అక్సుమ్ రాజు ఎజానా కాలం నాటిది. ప్రతి చర్చి గర్భగుడిలోనూ తాబోత్ అనే పవిత్రమైన పలక ఉంటుంది. అది నిబంధన మందసానికి ప్రతిరూపమని విశ్వాసం. ఆ పవిత్రత గోడల దగ్గర ఆగదని, చుట్టూ ఉన్న చెట్లకూ వర్తిస్తుందని అక్కడి గురువులు బోధిస్తారు. అడవిని ఏదెను తోటకు పోలికగా భావిస్తారు. చెట్లు లేని చర్చిని ఒంటి మీద బట్ట లేని మనిషిలా చూస్తారు. వేదపాఠం చదువుకునే పిల్లలు చిన్న చిన్న గుడిసెలు వేసుకుని ఈ చెట్ల కిందే ఉంటారు. ఊరివాళ్ల సమాధులూ ఇక్కడే, పండగకు జనం చేరేదీ ఈ నీడకే. 1975లో సైనిక ప్రభుత్వం గ్రామీణ భూములన్నిటినీ జాతీయం చేసినప్పుడు చర్చి తన విస్తారమైన భూములు పోగొట్టుకుంది. అయినా గుడిని అంటిపెట్టుకున్న ఈ అడవులు మిగిలాయి.

వీటిని శాస్త్రీయంగా లెక్కగట్టింది ఆ ప్రాంతపు మనిషే, అటవీ పరిశోధకుడు అలెమాయెహు వాసీ. ఆయన బృందం 28 చర్చి అడవుల్లో 168 రకాల చెట్లు, పొదలు, తీగలు నమోదు చేసింది. మంచి విషయంతో పాటు ఒక భయమూ బయటపడింది. పెద్ద చెట్లు ఉన్నాయి కానీ, కింద లేత మొక్కలు తక్కువ. విత్తనం మొలకెత్తినా పశువు మేస్తోంది, లేదా తొక్కేస్తోంది. ముసలి చెట్లు కూలిపోతే వాటి స్థానంలో ఎదిగే పిల్ల చెట్లే ఉండవు. పైకి పచ్చగా కనిపిస్తున్నా లోపల వంశం ఆగిపోతున్న అడవి అది.

అమెరికా పరిశోధకురాలు మార్గరెట్ లోమన్ ఆయనతో చేయి కలిపారు. ఇద్దరూ గురువులను సమావేశపరచి ఉపగ్రహ చిత్రాలు చూపించారు. తమ అడవి ఎంత చిన్నదో, ఏటేటా అంచులు ఎలా తరిగిపోతున్నాయో పైనుంచి చూసిన గురువులు చలించిపోయారు. పరిష్కారం వాళ్లకు తెలిసిందే: గోడ. రాయి పొలాల్లో ఉంది, మోసే చేతులు ఊళ్లో ఉన్నాయి. తలుపులు, పనిముట్ల వంటి వాటికి లోమన్ విరాళాలు సేకరించారు. గోడను ఉన్న అంచు మీద కాక కాస్త అవతలికి జరిపి కడితే, ఆ ఖాళీలోకి అడవి తనంతట తాను విస్తరిస్తుంది.

అడవిని ఇలా కాచే ఈ మతం మీదే బయట మరో మాటా ఉంది. క్రైస్తవ బోధే మనిషిని ప్రకృతికి యజమానిగా నిలబెట్టిందని 1967లో చరిత్రకారుడు లిన్ వైట్ విమర్శించాడు. ఆ విమర్శ చాలామంది వేదాంతులను ఆదికాండము దగ్గరికి మళ్లీ నడిపించింది. అక్కడ మనిషికి అప్పగించిన పని తోటను సాగు చేయడమే కాదు, కాపాడడం కూడా. 1989లో కాన్‌స్టాంటినోపుల్ పాట్రియార్కు దిమిత్రియోస్ సెప్టెంబరు 1ని సృష్టి కోసం ప్రార్థించే రోజుగా ప్రకటించారు. 2015లో పోప్ ఫ్రాన్సిస్ ఇదే విషయం మీద లేఖ విడుదల చేశారు. దక్షిణ గోండర్ రైతు ఈ చర్చలేవీ వినకుండానే ఆ పని చేస్తూ వచ్చాడు. అమ్మవారి తోపులో కొమ్మ విరచడానికి జంకే తెలుగు పల్లెకు ఈ మనస్తత్వం కొత్తగా అనిపించదు. మన చర్చి ఆవరణల్లోని చింతలకూ వేపలకూ అదే గౌరవం దక్కాలి.

అలాగని ఇథియోపియా చర్చి అడవులకు చిక్కులు లేవనుకుంటే పొరపాటు. భక్తులు పెరిగే కొద్దీ పాత చర్చిని విప్పి పెద్దది కట్టాలంటారు. అందుకు స్థలం కావాలి, కలప కావాలి. చర్చికి రాబడి కావాలని కొన్ని చోట్ల యూకలిప్టస్ నాటారు. అది వేగంగా పెరుగుతుంది, అమ్ముడుపోతుంది. కానీ స్థానిక జాతుల చోటు ఆక్రమిస్తుంది. ఒక్కో అడవీ పొలాల మధ్య ఒంటరి ద్వీపం కాబట్టి, ఒక దాని విత్తనం ఇంకో దానికి చేరడమూ కష్టమే. గోడ పశువును ఆపగలదు గానీ, చెట్టు జోలికి వెళ్లకుండా చర్చి ఖర్చులు ఎలా గడవాలన్నది గురువులూ ఊరిపెద్దలూ కూర్చుని తేల్చుకోవలసిన లెక్క.