‘లుక్’ ఒక్కటే.. అర్థాలు అనేకం: ఇంగ్లిష్ ప్రిపోజిషన్ల దగ్గర తెలుగువారికి చిక్కెక్కడ?

దిల్లీలోని ఓల్డ్ రాజేందర్ నగర్, ముఖర్జీ నగర్‌లలో సివిల్స్‌కు సిద్ధమయ్యే వారిలో తెలుగువాళ్లూ ఉంటారు. మెయిన్స్‌ను తెలుగులో రాసే వీలుంది. 2016 సివిల్స్‌లో మూడో ర్యాంకు సాధించిన రోణంకి గోపాలకృష్ణ అలా రాసినవారే.

అయితే ఏ మాధ్యమంలో రాసినా ఇంగ్లిష్ పేపర్ తప్పదు. 300 మార్కులకు కనీసం 25 శాతం, అంటే 75 రావాలి. ఈ మార్కులను ర్యాంకుకు కలపరు. కానీ అవి రాకపోతే మిగతా పేపర్ల మార్కులు లెక్కలోకే రావు.

వ్యాసం, సంక్షిప్త రచనతో పాటు సరైన ప్రిపోజిషన్‌తో పూరించాల్సిన ఖాళీలూ ఈ పేపర్‌లో వస్తుంటాయి. వాటితో ఇబ్బంది ఎందుకో ‘లుక్’ అనే క్రియతో చూద్దాం.

పక్క మాట మారితే అర్థం మారుతుంది

- లుక్ ఎట్ ది బోర్డ్: బోర్డు వైపు చూడు.
- ఐ యామ్ లుకింగ్ ఫర్ ఎ రూమ్: గది కోసం వెతుకుతున్నాను.
- షి లుక్స్ ఆఫ్టర్ హర్ మదర్: ఆమె తన తల్లిని చూసుకుంటుంది.
- పోలీస్ ఆర్ లుకింగ్ ఇన్‌టు ది కేస్: పోలీసులు కేసును పరిశీలిస్తున్నారు.

‘ఆఫ్టర్’ అంటే ‘తర్వాత’ అని విడిగా గుర్తుపెట్టుకుంటే మూడో వాక్యం అర్థం కాదు. నిజానికి తెలుగుకూ ఈ పద్ధతి కొత్త కాదు. చూడటం వేరు, చూసుకోవడం వేరు, ఎదురుచూడటం వేరు. మనం క్రియకు ముందో వెనకో చేర్చే పనిని ఇంగ్లిష్‌లో ప్రిపోజిషన్ చేస్తుంది.

విభక్తిని అనువదిస్తే తప్పే

‘సమస్య గురించి చర్చించాం’ అన్న అలవాటుతో చాలామంది ‘వి డిస్కస్డ్ అబౌట్ ది ప్రాబ్లమ్’ అంటారు. అక్కడ ‘అబౌట్’ అక్కర్లేదు. ‘వి డిస్కస్డ్ ది ప్రాబ్లమ్’ చాలు.

నోయిడా, గురుగ్రామ్ కంపెనీలకు ఉద్యోగం కోసం మెయిల్ రాసేవారూ ఒకటి గమనించాలి. ‘ఐ లుక్ ఫార్వర్డ్ టు మీట్ యు’ తప్పు, ‘టు మీటింగ్ యు’ ఒప్పు. ఇక్కడ ‘టు’ ప్రిపోజిషన్ కాబట్టి దాని తర్వాత క్రియకు ‘ఇంగ్’ చేరాలి.

అందుకే ప్రిపోజిషన్ల జాబితాను బట్టీ పట్టడం కన్నా క్రియ, ప్రిపోజిషన్, వాటి తర్వాత వచ్చే మాట.. మూడూ ఉన్న చిన్న వాక్యాన్ని నోట్‌బుక్‌లో రాసుకోవడం మేలు. ఖాళీ ముందు కూర్చున్నప్పుడు గుర్తొచ్చేది ఆ వాక్యమే.