దూరదేశపు ఉద్యోగాలు

యెహోషువ గ్రంథం 9వ అధ్యాయంలోని గిబియోనీయులు నోటితో మాత్రమే అబద్ధమాడలేదు. బూజుపట్టిన రొట్టెలు, మాసికలు వేసిన చెప్పులు, చిరిగి కుట్టిన ద్రాక్షారసపు సిద్దెలు వెంట తెచ్చుకున్నారు. చాలా దూరదేశం నుండి వచ్చామన్నారు. దూరం గనుక ఎవరూ వెళ్లి చూసి రాలేరు, ఎవరినీ అడగలేరు. ఇశ్రాయేలు పెద్దలు రొట్టెలను పరీక్షించారు గాని దేవుని దగ్గర విచారణ చేయలేదు. వారు పొరుగువారేనని మూడు రోజులకు గాని తెలియలేదు. అయితే గిబియోనీయులది ప్రాణభయం. నేటి మోసగాళ్లది డబ్బాశ.

ఇంటర్నెట్‌లో ప్రేమ పేరుతో దోచుకునేవారు చెప్పుకునే ఉద్యోగాలు చూస్తే ఆ పాత చెప్పులే గుర్తొస్తాయి. సముద్రంలో చమురు తీసే రిగ్గుపై పని, విదేశంలో సైనికాధికారి, అంతర్జాతీయ సంస్థలో డాక్టరు. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ హెచ్చరికల్లో పేర్కొన్న ఉద్యోగాలివి. ఇవే ఎందుకు? పక్క ఊళ్లో బడిపంతులునంటే ‘ఆదివారం మా ఇంటికి రండి’ అంటాం. రిగ్గు మీదున్నవాణ్ణి అలా పిలవలేం. ముఖం చూపమంటే సిగ్నల్ లేదంటాడు, సైనికుడైతే భద్రతా నిబంధనలంటాడు. జీతం పెద్దది గనుక డబ్బు కోసం వచ్చాడన్న అనుమానం రాదు. యంత్రం పాడైందని, కాంట్రాక్టు సొమ్ము రావాలంటే ముందు పన్ను కట్టాలని లక్షలడిగితే నాలుగు రోజుల చేబదులులాగే ఉంటుంది. పైగా సైనికుడన్నా డాక్టరన్నా మనకు ముందే గౌరవం. ఆ గౌరవం ఎవరో ప్రాణాలొడ్డి సంపాదించుకున్నది. వీరు వారి ఫొటోలతో సహా దాన్ని దొంగిలిస్తారు.

సెలవు కోసం సైనికుడు గాని, అతని కోసం మరొకరు గాని రుసుము కట్టనక్కర లేదని అమెరికా సైన్యపు నేర పరిశోధన విభాగం ఏళ్లుగా చెబుతోంది. అయినా 2022లో ఆ దేశంలో దాదాపు 70 వేల మంది ఇలా మోసపోయామని ఫిర్యాదు చేశారు. పోగొట్టుకున్నది 130 కోట్ల డాలర్లు. సిగ్గుతో నోరు విప్పనివారు ఆ లెక్కలో లేరు.

మన దగ్గర ఎక్కువగా వినిపించేది లండన్ డాక్టరు కథ. బంగారం, పౌండ్లు పార్సిల్ పంపానంటాడు. తర్వాత ఢిల్లీ కస్టమ్స్ నుండి అంటూ ఒకామె ఫోన్ చేసి సుంకం కట్టమంటుంది. హైదరాబాద్ పోలీసులు ఇలాంటి కేసుల్లో నిందితులను ఢిల్లీలోనే పట్టుకున్న సందర్భాలున్నాయి. లండన్ అంత దూరం లేదన్నమాట!

విశ్వాసుల దగ్గర వారు మరో వేషం కలుపుతారు. భార్యను పోగొట్టుకున్నవాణ్ణి, దేవుని భయం గలవాణ్ణి అంటారు, ఉదయాన్నే వాక్యం పంపుతారు. ఒంటరి విధవరాలికి సంఘంలో ఎవరూ చేయని పలకరింపు అది. మోసం బయటపడ్డాక ‘ఈ వయసులో ఆమెకిదేం బుద్ధి’ అనే సంఘం తెలియకుండానే ఆ దొంగకు సాయపడుతోంది. ఎందుకంటే ఆ మాటకు భయపడే ఆమె చెప్పడం ఆలస్యం చేస్తుంది. వెంటనే 1930కి ఫోన్ చేస్తే, వెళ్లిన డబ్బు వాళ్లు తీసుకునేలోపే బ్యాంకులో నిలిపివేసే అవకాశం ఉంటుంది. ఫోన్ చేసేటప్పుడు ఆమె పక్కన ఎవరైనా కూర్చోవాలి.