దవడ బిగిసిన వేళ: ధనుర్వాతము

దొరవారిసత్రం పరిసరాలలో పొలానికి వెళ్లేవారి పాదాలకు తుమ్మముల్లు దిగడం, పశువుల కొట్టంలో మేకు గుచ్చుకోవడం క్రొత్త కాదు. ముల్లు తీసి, పసుపు అద్ది పనిలో పడిపోతాము. వారం పది దినాల తరువాత నోరు తెరుచుకోక, మెడ పట్టేసినప్పుడు ఆ ముల్లు జ్ఞాపకం రాదు. పంటిపోటనో, చలిగాలి అనో సరిపెట్టుకుంటాము. ఆ సరిపెట్టుకోవడమే ప్రాణాంతకమని విద్యార్థి మిత్రులకు మనవి చేయదలచాము.

ధనుర్వాత క్రిమి మట్టిలోను, పేడలోను బీజరూపంలో ఏళ్ల తరబడి నిలిచి ఉంటుంది. దీనిని 1889లో జపాను శాస్త్రజ్ఞుడు కిటసాటో వేరుపరచి పెంచాడు. మరుసటి సంవత్సరమే బేరింగ్‌తో కలిసి దాని విషానికి విరుగుడును నిరూపించాడు. గాలి సోకని లోతైన గాయంలో ఈ క్రిమి విషాన్ని పుట్టిస్తుంది. ఆ విషం నరాల వెంట వెన్నుపామును చేరి, కండరాలను సడలించే ఆజ్ఞలను అడ్డగిస్తుంది. తరచుగా మొదట బిగిసేది దవడ. పిదప ముఖం, మెడ, వీపు. శరీరం వింటివలె వంగుతుంది గనుకనే ఈ పేరు. ఉర్దూలో దీనిని కుజాజ్ అంటారు. చిన్న చప్పుడుకే ఈడ్పులు వస్తాయి. స్పృహ మాత్రం తప్పదు. రోగి ఆ బాధనంతా తెలిసే అనుభవిస్తాడు.

సాధారణంగా గాయమైన 3 నుండి 21 దినాలలో లక్షణాలు కనబడతాయి. పంటి చీము వల్ల దవడ పట్టినచో చాలావరకు ఒకవైపే నొప్పి, వాపు ఉంటాయి. ధనుర్వాతాన్ని నిర్ధారించే రక్తపరీక్ష లేదు. వైద్యుడు లక్షణాలను బట్టియే గుర్తించాలి. గొంతు వెనుక భాగాన్ని చిన్న పలకతో తాకితే ఆరోగ్యవంతునికి డోకు వస్తుంది. ఈ రోగి ఆ పలకను కరచిపట్టుకుంటాడు. బొంబాయి వైద్యులు 1995లో ప్రకటించిన పరిశోధన ఈ పరీక్ష నమ్మదగినదని తేల్చింది. అయితే ఇది వైద్యులు చేయవలసినదే. ఇంటివద్ద నోట చెంచా దూర్చరాదు, నీరు పోయరాదు.

నరాలకు అంటిన విషాన్ని ఏ మందూ విడదీయలేదు. ఇంకా అంటని విషాన్ని ఇమ్యునోగ్లోబులిన్ అణచివేస్తుంది. ఆలస్యం తగదనుటకు కారణమిదే. గాయాన్ని శుభ్రపరచడం, మెట్రోనిడజోల్, బిగువు తగ్గించే డయజిపామ్, నిశ్శబ్దమైన గది, అవసరమైనచో కృత్రిమ శ్వాస—ఇవి మిగిలిన చికిత్స.

నవజాత శిశువుల ధనుర్వాతాన్ని ఆంధ్రప్రదేశ్ 2003లోను, భారతదేశమంతా 2015లోను ప్రజారోగ్య సమస్య కాని స్థాయికి తగ్గించాయి. కాని మట్టిలోని బీజం పోలేదు. ఒకసారి ఈ రోగం నుండి బ్రతికి బయటపడినవారికి సైతం రక్షణ టీకా వల్లనే కలుగుతుంది. 10, 16 ఏళ్ల వయస్సులలో ఇచ్చే టి.డి. టీకా మనలో ఎందరు వేయించుకున్నాము? ఇంటిలోని పెద్దలకు టీకా ఉన్నదా? ఈ ప్రశ్నలకు జవాబు ముల్లు దిగకముందే తెలిసి ఉండడం మేలు.