దిగుమతుల దెబ్బకు మూతపడ్డ మిల్లు: కార్మికునికి అమెరికా కట్టిన లెక్క

మన పత్తి వర్తకులు న్యూయార్కు వాయిదా ధరలను రోజూ చూస్తారు. ఆ పత్తితో నేసిన తువాలు ఏ దేశపు మార్కెట్టులో అమ్ముడవుతున్నదో, దానివల్ల అక్కడ ఎవరి మిల్లు మూతపడిందో చూసేవారు తక్కువ. చూడవలసిన అవసరం మాత్రం వున్నది. అక్కడ పని పోయిన కార్మికునికి ప్రభుత్వం ఏమిచ్చిందన్న దానికీ, మన సరుకుపై వాళ్లు వేసే సుంకానికీ లంకె వున్నది.

అమెరికాలో నార్త్ కెరొలినా రాష్ట్రంలో కన్నాపొలిస్ అనే వూరు వున్నది. అది కానన్ మిల్స్ కట్టించిన వూరు. ఒకప్పుడు అక్కడి కార్మికుల ఇళ్లు కూడా మిల్లువే. తువాళ్లలో, దుప్పట్లలో ఆ మార్కు అమెరికా అంతటా చెల్లుబాటయింది. మిల్లు చేతులు మారుతూ 1997లో పిల్లోటెక్స్ కంపెనీ కిందికి వచ్చింది. 2003 జూలై 30న ఆ కంపెనీ 16 కర్మాగారాలను ఒక్కసారిగా మూసివేసింది. సుమారు 6,450 మందికి పని పోయింది. అందులో 4,800 మంది నార్త్ కెరొలినా వారే. ఆ రాష్ట్రంలో అంతకు ముందెన్నడూ ఒకే దెబ్బకు అంతమంది వీధినపడలేదు. కంపెనీ మోసిన అప్పుల భారం కూడా తక్కువది కాదు. మూడేళ్లలో రెండుసార్లు దివాలా తీసింది. ఐతే చౌక దిగుమతుల ముందు నిలవలేకపోయిందన్నది మాత్రం అధికారికంగానే నిర్ధారణ అయింది.

ఆ నిర్ధారణకే విలువ. అది వుంటేనే 'ట్రేడ్ అడ్జస్ట్‌మెంట్ అసిస్టెన్స్', అనగా వర్తక సర్దుబాటు సహాయం, అందుతుంది. ఆలోచన 1954 నాటిది. రాండల్ కమిషన్‌లో సభ్యుడైన ఉక్కు కార్మిక నాయకుడు డేవిడ్ మెక్‌డొనాల్డ్ దానిని ప్రతిపాదించాడు. సుంకాలు తగ్గితే లాభం దేశమంతటికీ పంపకమవుతుంది, నష్టం ఒక్క మిల్లు కార్మికుని నెత్తిన పడుతుంది, కనుక అతనికి పరిహారం ఇవ్వాలన్నది వాదన. సుంకాలు తగ్గించే అధికారం కోరిన కెన్నెడీ 1962 చట్టంలో దీనిని చేర్చి కార్మిక సంఘాల మద్దతు సంపాదించాడు.

బేరం కుదిరింది గాని డెలివరీ జరగలేదు. 1969 చివరి వరకు ఒక్క కార్మిక దరఖాస్తు కూడా మంజూరు కాలేదు. ప్రభుత్వం సుంకం తగ్గించినందువల్లనే దిగుమతులు పెరిగాయనీ, పని పోవటానికి అవే ప్రధాన కారణమనీ రుజువు చేయాలన్న షరతు అట్టిది. కార్మిక నాయకులు దీనిని 'అంత్యక్రియల బీమా' అని ఎద్దేవా చేశారు.

1974 చట్టం షరతులు సడలించింది. ఆ తరువాత జపాను కార్లు వచ్చి పడ్డాయి. 1980 ఆర్థిక సంవత్సరంలో ఐదు లక్షల మందికి పైగా కార్మికులకు సుమారు 160 కోట్ల డాలర్లు చెల్లించవలసి వచ్చింది. వారిలో అధికులు మోటారు పరిశ్రమ వారు. ఖజానా బెదిరింది. 1981లో రీగన్ ప్రభుత్వం భత్యానికి కోత పెట్టింది. 1988లో శిక్షణకు వెళితేనే భత్యమన్న నిబంధన వచ్చింది.

పిల్లోటెక్స్ కార్మికులకు వర్తించింది 2002లో సవరించిన చట్టం. కాగితం మీద చూస్తే అది ఉదారమైనదే. నిరుద్యోగ భృతితో కలిపి 104 వారాల భత్యం, బడి చదువు లోటు తీర్చుకునేవారికి మరో 26 వారాలు, ఆరోగ్య బీమా ప్రీమియంలో 65 శాతం. యాభై దాటినవారు తక్కువ జీతానికి వేరే పనిలో చేరితే తేడాలో సగం, రెండేళ్లలో పదివేల డాలర్లకు మించకుండా.

చిక్కు ఆచరణలో వచ్చింది. ఆ మిల్లులో చాలామందికి హైస్కూలు చదువు కూడా పూర్తి కాలేదు. తువాలు అంచు కుట్టటంలో చేయి తిరిగిన మనిషి నడివయసులో కాలేజీ బల్లమీద కూర్చుని లెక్కలు మొదటినుంచి నేర్చుకోవాలి. ఆ చేరటం కూడా వారాల గడువులోపు జరగాలి, లేకుంటే భత్యం పోతుంది. బీమాలో మిగిలిన 35 శాతం జీతం లేని ఇంటికి చిన్న మొత్తం కాదు. అందుచేత ఆ రాయితీని వాడుకున్నవారు దేశం మొత్తం మీద కొద్దిమందే. కన్నాపొలిస్ మిల్లును పడగొట్టి ఆ స్థలంలో పరిశోధన కేంద్రం కట్టారు. అందులో వుద్యోగాలు శాస్త్రజ్ఞులకు గాని నేత పనివారికి కాదు కదా!

మన దేశంలోనూ ఇటువంటిది ఒకటి నడిచింది. మూతపడ్డ ప్రైవేటు బట్టల మిల్లుల కార్మికులకు 1986 నుంచి పునరావాస నిధి వుండేది. మొదటి ఏడాది వేతనంలో 75 శాతం, రెండో ఏడాది 50, మూడో ఏడాది 25 శాతం లెక్కన ఇచ్చేవారు. అక్కడ దిగుమతి కారణమా కాదా అన్న పరీక్ష లేదు. ఆ ఒక్క విషయంలో మనదే మేలు.

అమెరికా చట్టం గడువు 2022 జూన్ 30తో ముగిసింది. కాంగ్రెసు పొడిగించనందున ఆ మరుసటి రోజు నుంచి కార్మిక శాఖ కొత్త దరఖాస్తులకు మంజూరు నిలిపివేసింది. పరిహారం ఆగినచోట, దిగుమతుల మీద కోపం తీర్చుకోవటానికి సుంకమే మిగిలింది. 2025 ఆగస్టు 27న భారత సరుకులపై అదనపు సుంకం 50 శాతానికి చేరినప్పుడు తువాళ్ల, దుప్పట్ల ఎగుమతిదారులు దెబ్బతిన్నారు. భీమవరం రొయ్యల వర్తకమూ ఆ దెబ్బ రుచి చూసింది.

ఆ సుంకం పూర్తిగా అమలుకు రాకముందే, ఆగస్టు 19న, మిల్లులకు వూరటగా మన ప్రభుత్వం పత్తిపై 11 శాతం దిగుమతి సుంకం ఎత్తివేసింది. తొలుత సెప్టెంబరు 30 వరకన్నారు. తరువాత డిసెంబరు 31 దాకా పొడిగించారు. సరిగ్గా ఆదిలాబాదు, వరంగల్లు, గుంటూరు యార్డులకు కొత్త పత్తి దిగే నెలలవి. ఆ సీజనులో పొడుగు పింజ మద్దతు ధర క్వింటాలుకు రూ. 8,110. దిగుమతి బేళ్ల పోటీకి బయట ధర అంతకు దిగినచోట్ల రైతుకు కాటన్ కార్పొరేషన్ కొనుగోలు కేంద్రమే దిక్కయింది.