పలువురు కలిసి వ్రాయు గ్రంథమున వాదములను చక్కబెట్టు విధము

ఒకే గ్రంథమును పలువురు కలిసి వ్రాయుటకును, ఒకరి వ్రాతను మరియొకరు దిద్దుటకును వీలు కల్పించిన సాధనమునకు వికీ యని పేరు. ఈ మాట హవాయి భాషలోనిది. త్వరితమని దీని యర్థము. 1995వ సంవత్సరమున అమెరికా దేశీయుడగు వార్డ్ కన్నింగ్‌హామ్ మొదటి వికీని నెలకొల్పెను. 2001లో వికీపీడియాయు, 2003లో దాని తెలుగు శాఖయు ఆరంభమైనవి. కథలయందును చలనచిత్రములయందును అభిమానము గలవారు తమ కిష్టమైన వానికై వేరుగా వికీలను ఏర్పరచుకొనిరి.

అభిమానమున్న చోట పట్టుదలయు నుండును. 2013లో వెలువడిన ‘స్టార్ ట్రెక్ ఇంటూ డార్క్‌నెస్’ అను చిత్రము పేరులో ‘ఇంటూ’ అను మాటకు మొదట ఇంగ్లీషు పెద్దక్షరముండవలెనా, చిన్నక్షరముండవలెనా యని ఇంగ్లీషు వికీపీడియాలో వివాదము పుట్టెను. ఇట్టి చిన్నమాటకు పేరు నడుమ చిన్నక్షరమే నియమమని ఒక పక్షము. అది ఉపశీర్షికకు మొదటి మాట గాన పెద్దక్షరమే తగునని మరియొక పక్షము. ఆ చర్చ నలువదివేల మాటలకు మించెను. తుదకు పెద్దక్షరమే నిలిచెను. మన లిపిలో ఆ భేదమే లేదు గాన మనకు నవ్వు వచ్చును. కాని అక్షరభేదము లేకున్నను కలహము మనకును క్రొత్త కాదు.

ఇట్టి వాదములను చక్కబెట్టుటకు మార్గములు కలవు. మొదటిది, వాదమును వ్యాసమునుండి వేరుచేయుట. ప్రతి వ్యాసమునకు ప్రక్కనే చర్చాపుట యుండును. ఉదాహరణమునకు, “నాయకుని వయస్సు 20. కాదు, 22. మొదటి భాగము చూడనివారే 20 అందురు” అని వ్యాసములో నున్నదనుకొందము. దానిని తీసి, “మొదటి భాగమున వయస్సు 22 అనియు, రెండవ భాగమున 20 అనియు చెప్పబడినది” అని వ్రాయవలెను. తగవు పోయినది, చదువరికి కావలసిన సంగతి మిగిలినది.

రెండవది, ప్రతి మాటకు ఆధారము చూపుట. దేనిని ఆధారముగా గైకొనవలెనో ముందే నిర్ణయించుకొనుట మేలు. స్టార్ ట్రెక్ అభిమానుల మెమరీ ఆల్ఫా యను వికీ ముఖ్యముగా చిత్రములలోను ధారావాహికలలోను కనబడినదానినే ప్రమాణముగా నెంచును. నవలలలోని సంగతులకు మెమరీ బీటా యను వేరొక వికీ కలదు.

మూడవది, మూలములే భేదించినప్పుడు రెంటిని పేర్కొనుట. నాలుగు సువార్తలను ఒక్కటిగా కలిపివేయక, ఎవరి గ్రంథమును వారి పేరుననే పూర్వులు మనకు అందించిరి గదా.

నాలుగవది, ఓర్పు. వికీలో పూర్వపు వ్రాతలు చరిత్రపుటలో నిలిచియుండును గాన తొందర యవసరము లేదు. ఒకే పుటలో ఇరువదినాలుగు గంటలలో మూడు మారులకు మించి ఇతరుల మార్పులను రద్దుచేయరాదని ఇంగ్లీషు వికీపీడియా నియమము. వ్రాతను విమర్శింపవలెను గాని వ్రాసినవానిని దూషింపరాదు. దూషింపబడిన క్రొత్తవాడు మరల కలము పట్టడు, వానికి తెలిసిన సంగతి వానితోనే పోవును.

విద్యార్థులారా, అట్టి పుటను దిద్దు నవకాశము మీలో నెవరికైనను కలుగవచ్చును. అప్పుడు మీ పక్షము గెలుచుటకంటె, ఏమియు తెలియక చదువవచ్చినవానికి నిజము దొరకుటయే ముఖ్యమని యెంచుడు.