తెల్లచుక్కకు పస్తు

మా హాల్లో 100 లీటర్ల అక్వేరియం ఉంది. అడుగున ఇసుక, వెనక వరుసలో వాలిస్నేరియా, కొయ్యమొద్దుకి కట్టిన జావా ఫెర్న్, ఆకుల మీద పాకే నత్తలు, గోరంత ఎర్ర రొయ్యలు. హైస్కూల్లో ముప్ఫయ్యేళ్లు జీవశాస్త్రం చెప్పి రిటైరయ్యాక పెట్టుకున్నాను. పొద్దున కాఫీ దాని ముందు కూర్చునే తాగుతాను.

నాలుగేళ్ల కిందట జనవరిలో ఆరు నియాన్ టెట్రాలు కొని తెచ్చి నేరుగా అందులో వదిలాను. వారం తిరక్కుండా ఒకదాని తోక మీద బొంబాయి రవ్వ గింజంత తెల్లచుక్క కనిపించింది. మర్నాటికి అయిదయ్యాయి. చేపలు ఆకులకేసి ఒళ్లు రుద్దుకోవడం మొదలుపెట్టాయి. దుకాణంలో అడిగితే నీలంరంగు మందు సీసా చేతిలో పెట్టారు. తెచ్చి ట్యాంకులో పోశాను.

మూడో రోజుకి నీళ్లు కలికడుగులా తెల్లబడ్డాయి. వాలిస్నేరియా ఆకులు కొసల నుంచి పలచబడి కరిగిపోయాయి. చేపలు పైకొచ్చి నోళ్లు తెరిచాయి. పాతవీ కొత్తవీ కలిపి తొమ్మిది చచ్చిపోయాయి. వాటిని చంపింది తెల్లచుక్క కాదు. చేపల వ్యర్థాల్లోంచి వచ్చే అమ్మోనియాని ఫిల్టరులో ఉండే బ్యాక్టీరియా ఎప్పటికప్పుడు మారుస్తూ ఉంటుంది. నేను పోసిన మందు ఆ బ్యాక్టీరియాని కూడా చంపేసింది. ట్యాంకు అద్దాలు అతికే చోట సిలికాన్ ఇప్పటికీ నీలంగానే ఉంది.

అప్పుడే చచ్చిన ఒక టెట్రా తోకని కత్తిరించి, ఇంట్లో ఉన్న చిన్న మైక్రోస్కోపు కింద పెట్టాను. గుండ్రటి జీవి. ఒళ్లంతా నూగులాంటి వెంట్రుకలు. మెల్లగా తన చుట్టూ తను తిరుగుతోంది. లోపల గుర్రపు నాడాలా వంగిన కేంద్రకం. పిల్లలకి బోర్డు మీద ఎన్నోసార్లు గీసి చూపించిన పారమీషియానికి ఇది దూరపు చుట్టం. దీని పేరు ఇక్తియోఫ్తీరియస్ మల్టీఫిలియిస్. 1876లో ఫూకే అనే శాస్త్రవేత్త పెట్టాడు. మొదటి మాటకి గ్రీకులో చేప పేను అని, రెండోదానికి లాటిన్‌లో బోలెడు పిల్లలు గలది అని అర్థం. భీమవరం వైపు వైట్ స్పాట్ అంటే గుండెలు జారిపోతాయి గానీ, అది రొయ్యలకొచ్చే వైరస్ జబ్బు. దానికీ దీనికీ సంబంధం లేదు. మంచినీటి చేపలకొచ్చే ఈ చుక్క రొయ్యల్నీ నత్తల్నీ పట్టదు.

పేరులోని ఆ బోలెడు పిల్లల సంగతే అసలు సంగతి. మనకి కనిపించే చుక్క చేప చర్మం పైన లేదు, పై పొర కింద దాక్కుని తింటోంది. అక్కడున్నంతసేపు నీళ్లలో పోసిన మందు దానికి అందదు. కడుపు నిండాక చేపని వదిలి కిందకి జారి, ఇసుకకో ఆకుకో అంటుకుని చుట్టూ గూడు కట్టుకుంటుంది. ఆ గూటికీ మందు ఎక్కదు. అందులో అది వందలుగా, ఒక్కోసారి వెయ్యి దాకా చీలుతుంది. గూడు పగిలి అవి బయటికి ఈదుకొచ్చినప్పుడే మందుకి దొరుకుతాయి. ఆ ఈదే పిల్లలకి రెండు రోజుల్లోపు చేప దొరక్కపోతే చచ్చిపోతాయి. చుక్కలు పోయాయని మూడో రోజే మందు ఆపేవాళ్లకి వారానికి జబ్బు రెట్టింపై తిరిగొచ్చేది ఇందుకే. ఆ చుక్కలు పోలేదు, గూళ్లలోకి చేరాయి.

కైకలూరు దగ్గర మా తమ్ముడికి చేపల చెరువులున్నాయి. వాళ్లు చేప పేను అనేది వేరే పురుగుని, ఆర్గ్యులస్‌ని. అది కంటికి కనిపిస్తుంది, చేప ఒంటికి కరుచుకుని ఉంటుంది. గుడ్లు మాత్రం గట్టి వస్తువుల మీదే పెడుతుంది. అందుకని వాళ్లు చెరువులో వెదురు తడికలు దింపి, కొన్నాళ్లకి పైకి లాగి ఎండలో పడేస్తారు. నా గోడు విని వాడన్నాడు: "అక్కా, అది చేపని వదిలి ఎక్కడికి పోతుందో చెప్పావు కదా. అక్కడ దానికి తిండి లేకుండా చెయ్యి."

మరుసటి ఏడు మళ్లీ జబ్బు తగిలినప్పుడు అదే చేశాను. రాత్రి లైటు ఆర్పిన అరగంటకి టార్చి వేసి చూస్తే చేపలు మగతగా ఉంటాయి, మొక్కలు పీక్కుండానే వలకి దొరుకుతాయి. అన్నిటినీ ప్లాస్టిక్ టబ్బులోకి మార్చాను. ఇసుక లేదు, మొక్క లేదు, ఎయిర్ పంపు ఒక్కటే. లీటరుకి 2 గ్రాముల కల్లుప్పు. ఆ ఉప్పు మొక్కలున్న ట్యాంకులో వేస్తే చాలా ఆకులు మాడిపోతాయి, టబ్బులో ఆ బెంగ లేదు. క్లోరిన్ పోగొట్టి, వేడి సమానంగా ఉన్న నీళ్లతో ఇంకో టబ్బు సిద్ధం చేసుకుని పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి చేపల్ని మార్చాను. ఖాళీ టబ్బుని కడిగి బొట్టు లేకుండా ఆరబెట్టాను. చేప మీంచి రాలి గూడు కట్టుకున్నవన్నీ తడి లేక ఎండిపోయి చచ్చాయి. పది రోజులు ఇదే పని. అటు హాల్లో ట్యాంకు రెండు వారాలు చేపల్లేకుండా 28 డిగ్రీల్లో ఉంది. నీళ్లు చల్లగా ఉంటే ఈ చక్రం వారాలకి సాగుతుంది కాబట్టి హీటరు తప్పదు. రొయ్యలకి కొంచెం మేత వేస్తూ వచ్చాను. ఒక్క ఆకు మాడలేదు, ఒక్క నత్త పోలేదు. ట్యాంకులో చుక్క మందు పడలేదు.

చేపల్ని తియ్యడం కుదరనివాళ్లు నీళ్లని రోజుకి ఒకటి రెండు డిగ్రీల చొప్పున 30 దాకా పెంచి, పది పన్నెండు రోజులు అక్కడే ఉంచుతారు. చాలా చోట్ల ఇది పనిచేస్తుంది. వేడి నీళ్లలో ఆక్సిజన్ తగ్గుతుంది కాబట్టి ఎయిర్ పంపు రాత్రీ పగలూ ఆడాలి. గోల్డ్‌ఫిష్ మాత్రం చల్లటి నీళ్లు ఇష్టపడే చేప, దానికి అంత వేడి మంచిది కాదు. విజయవాడలో మే నెలలో మా ట్యాంకు దానంతటదే 31కి వెళుతుంది. ఆ రోజుల్లో నేను తెల్లచుక్కని ఒక్కసారీ చూడలేదు.

రాగి కలిసిన మందులు అసలు వద్దు. రొయ్యలూ నత్తలూ బతకవు.

గప్పీలకి వచ్చే ఎర్రపురుగుల దారి వేరు. చేప మలద్వారంలోంచి రెండు మూడు ఎర్రటి దారప్పోగులు బయటికొచ్చి, చేప ఆగగానే ఆడతాయి. కమల్లానస్ అంటారు. దీనికి పశువుల నులిపురుగులకిచ్చే లెవమిజోల్ పనిచేస్తుంది. నీళ్లలో లీటరుకి 2 మిల్లీగ్రాములు. సీసాల్లో శాతం రకరకాలుగా ఉంటుంది, లెక్క పశువుల డాక్టరు చేతే వేయించాను. మొక్కలకి హాని చెయ్యదు. వెలుతురుకి పాడవుతుంది కాబట్టి లైటు ఆర్పి ట్యాంకుకి దుప్పటి కప్పాలి. అది పురుగుని చంపదు, చచ్చుబరిచి బయటికి రాల్చేస్తుంది. 24 గంటలకి ఇసుక మీదినుంచి ట్యూబుతో పురుగుల్ని లాగేసి, సగానికి పైగా నీళ్లు మార్చాలి. ఆలస్యమైతే పక్క చేప తింటుంది. రెండు మూడు వారాలకి మళ్లీ ఒకసారి. ఫెన్‌బెండజోల్ కూడా పనిచేస్తుంది గానీ కొన్ని జాతుల నత్తల్ని చంపుతుంది. మా ఇంట్లో వాడలేదు.

ఇప్పుడు ఏ చేప వచ్చినా నాలుగు వారాలు వరండాలో టబ్బులో ఉండాల్సిందే. మొక్కనైనా కొన్నాళ్లు విడిగా ఉంచాల్సిందే, ఆకు వెనక గూడు ఉండొచ్చు. నిన్న తెచ్చిన జావా ఫెర్న్ రెండు వారాల పాటు చేపల్లేని బకెట్లో ఉంటుంది. తేదీ రాసి మూత మీద అంటించాను.